అసలు మిగిలితేనే వేట

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మత్స్యశాఖ అధికారిణి చేసిన ప్రసంగం. సభలో మాట్లాడిన మాటలనే కొద్దిగా సరిచేసి ఇక్కడ అచ్చు వేస్తున్నాం.)



నన్ను పిలిచినప్పుడు మీ ఏపీఎం గారు "పథకాల గురించి రెండు మాటలు చెప్పండి మేడమ్" అన్నారు. అధ్యక్షురాలు మాత్రం ఒప్పుకోలేదు. "పథకాలు ఏటా వింటానే ఉండాం. మీరు రేవులో కూర్చోని చేపల్ని కొలుస్తుంటారు, సీసాల్లో నీళ్ళు పట్టుకుంటుంటారు. అదేం ఉద్యోగమో, దానివల్ల మాకేం ఒరుగుతుందో అది చెప్పండి" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నా జీతం మీ పన్నుల్లోంచే వస్తుంది. కాబట్టి మీకు లెక్క చెప్పాల్సిందే.

ఇంకో సంగతి కూడా చెప్పారు. ఈరోజు మధ్యాహ్నం మీ అజెండాలో ఒక తీర్మానం ఉందంట. సన్న కన్ను వలలు కొనుక్కోవడానికి సమాఖ్య నుంచి అప్పు ఇవ్వాలా, వద్దా అని. రెండు గ్రామ సంఘాలు అడిగాయంట, మిగతా సంఘాలు వద్దన్నాయంట. ఆ తీర్మానం మీది. నేను ఓటు వేసేదాన్ని కాదు. కానీ చెయ్యి ఎత్తే ముందు మీకు తెలియాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి. అవి చెప్పి దిగిపోతాను.

ముందు నా పని గురించి.

నేను ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుకున్నాను. మన జిల్లాలో ఆ కాలేజీ 1991లో పెట్టారు. చదువులో చేపల పేర్లన్నీ లాటిన్‌లో నేర్పారు. ఉద్యోగంలో చేరి మొదటిరోజు రేవుకి పోతే ఆ పేర్లు ఒక్కటీ పనికిరాలేదు. కవళ్ళు, నెత్తళ్ళు, సావళ్ళు, చందువ, వంజరం అని మీరు పిలిచే పేర్లు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పింది ఎవరనుకున్నారు? తట్టల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళే.

ఆ మొదటిరోజు కొలబద్ద తీసి చేప పొడవు కొలుస్తుంటే ఒక అవ్వ పక్కనొచ్చి కూర్చుంది. "ఏందమ్మాయ్, చేపకి కొలత తీస్తుండావే, చొక్కా కుట్టిస్తావా దానికి?" అనింది. రేవంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ అవ్వే కాసేపాగి, "మా కాలంలో ఈ చేప ఇంత ఉండేది" అని మోచెయ్యి దాకా చూపించింది. నేను కొలిచిన చేప జానెడు. నా ఉద్యోగం ఏందో నాకు ఆ చేతి కొలతతోనే తెలిసింది. మోచెయ్యి పొడవు చేప జానెడు ఎందుకైంది? అది తెలుసుకోవడమే నా పని.

అందుకే కొలుస్తాము. పొడవు, బరువు రాసుకుంటాము. పొట్ట కోసి గుడ్డు ఏ దశలో ఉందో చూస్తాము. ఏం తిన్నదో చూస్తాము. చేప తలలో చెవి దగ్గర ఒక చిన్న రాయి ఉంటుంది. చెట్టు మొద్దుకి వలయాలు ఉన్నట్టే దానిమీద సన్నటి గీతలు ఉంటాయి. వాటిని భూతద్దం కింద లెక్కపెడితే చేప వయసు తెలుస్తుంది. నీళ్ళల్లో ఉప్పు ఎంత, గాలి ఎంత కలిసి ఉంది అని కూడా చూస్తాము. ఒక్కరోజు కొలత ఎందుకూ పనికిరాదు. మీ పొదుపు పుస్తకంలో ఒక్క నెల పేజీ చూస్తే సంఘం బాగుందో లేదో చెప్పగలరా? పన్నెండు నెలలు, ఐదేళ్ళు వరుసగా చూస్తేనే కదా తెలిసేది. మాదీ అంతే.

పొదుపు మాట వచ్చింది కాబట్టి, మీకు తెలిసిన భాషలోనే చెబుతాను. ఈ జిల్లా ఆడవాళ్ళకి పొదుపు గురించి ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. 1992లో దూబగుంటలో రోశమ్మ గారు, ఆ ఊరి ఆడవాళ్ళు సారా అంగడిని మూయించారు. ఆ మంట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా బందయింది. సారాకి పోయే డబ్బులో రోజుకొక రూపాయి దాచుకుందాం అని మన నెల్లూరులోనే పొదుపు లక్ష్మి సంఘాలు మొదలయ్యాయి. ఆ రూపాయే ఈరోజు ఈ సమాఖ్య అయింది. మీరు ఒక సూత్రం ఎప్పుడూ తప్పలేదు. అసలును తినకూడదు. అసలు తిరుగుతుండాలి, దానిమీద వచ్చేదే మనది.

సముద్రంలో, సరస్సులో ఉన్న తల్లి చేపలు అసలు. అవి ఏటా పెట్టే పిల్లల్లో పెరిగి పెద్దయినవి వడ్డీ. వడ్డీ వరకు పట్టుకుంటే ఎన్ని తరాలైనా తినొచ్చు. అసలుని పట్టామా, ఒక సంవత్సరం తట్టలు నిండుతాయి, తర్వాత వలలు ఖాళీగా వస్తాయి. మోచెయ్యి చేప జానెడు అవ్వడమంటే మనం అసలులో చెయ్యి పెట్టినామని అర్థం. పెద్దవి అయిపోయి, పెరగకముందే చిన్నవాటిని పట్టుకుంటున్నాము.

పండుగప్ప సంగతి చెబితే మీకు నవ్వొస్తుంది. ఆ చేప మొదట మగది. పెద్దయ్యాక ఆడదవుతుంది. నిజమే చెబుతున్నా, నవ్వకండి. కిలో, రెండు కిలోల చేపలు చూస్తే దాదాపు అన్నీ మగవే. నాలుగైదు కిలోలు దాటినవి చూస్తే ఎక్కువ భాగం ఆడవే. ఇప్పుడు ఆలోచించండి. ప్రతి పండుగప్పనీ రెండు కిలోలు కాకముందే పట్టేస్తే ఏమవుతుంది? సరస్సు నిండా మగచేపలే మిగులుతాయి. గుడ్డు పెట్టేదానికి ఒక్క తల్లి ఉండదు. చేపలు ఉన్నట్టే కనపడతాయి, వంశం మాత్రం ఆగిపోతుంది. చెన్నైలో కేంద్ర ప్రభుత్వపు ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు 1997లో పండుగప్పని తొట్లలో గుడ్లు పెట్టించి పిల్లల్ని తీశారు. చెరువుల్లో పెంచుకునేవాళ్ళకి అది మేలు. కానీ సరస్సుకి ఆ తొట్టి సరిపోదు. సరస్సుకి దాని తల్లులే కావాలి.

ఇక సరస్సు. మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన పులికాట్, దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో ఉంది. శ్రీహరికోట దీవి అడ్డంగా ఉండి దాన్ని సముద్రం నుంచి కాపాడుతుంది. చలికాలంలో రాజహంసలు వస్తాయి, జనం చూడ్డానికి వస్తారు. కానీ మనకి దాని విలువ వేరే ఉంది. అది చేపలకి పురిటిల్లు కాదు, బడి. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి కనపడనంత పిల్ల అలల్తో కొట్టుకుని ముఖద్వారంలోంచి సరస్సులోకి వస్తుంది. ఇక్కడ లోతు తక్కువ, పెద్ద చేపల భయం తక్కువ, నాచు, బురద, తిండి ఎక్కువ. నాలుగు నెలలు పెరిగి మళ్ళీ సముద్రానికి పోతుంది. కత్తిపరిగె, పాలబొంత కూడా అంతే. మండపీత మాత్రం సరస్సులో పెరిగి, గుడ్లు వదలడానికి సముద్రానికి పోతుంది.

అంటే సరస్సుకీ సముద్రానికీ నడుమ ఉన్న ఆ ముఖద్వారం మీ అందరి తట్టలకీ వాకిలి లాంటిది. ఆ వాకిలి మూసుకుంటే పిల్లలు లోపలికి రావు, పెద్దవి బయటికి పోవు. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడుకుపోతోందని మీ ఊళ్ళల్లో ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నారో మీకే తెలుసు. సముద్రపు నీళ్ళు లీటరుకి 35 గ్రాముల ఉప్పుతో ఉంటాయి. ముఖద్వారం పూడితే ఎండాకాలంలో సరస్సు నీళ్ళు ఆవిరై, కొన్నిచోట్ల ఉప్పు అంతకన్నా ఎక్కువకి పోతుంది. ఉత్తరం వైపున నీళ్ళు ఎండి నేల నెర్రెలు ఇస్తుంది. కార్తీకం వానలకి కాళంగి, ఆరణి, స్వర్ణముఖి నీళ్ళు దిగితే మళ్ళీ ప్రాణం వస్తుంది. ఈ ఏరుల నీళ్ళు, ఆ సముద్రపు నీళ్ళు రెండూ వస్తేనే సరస్సు. ఏ ఒక్కటి ఆగినా అది ఉప్పుమడి.

ఇవన్నీ నాకు తెలియకముందే మీ వాళ్ళకి తెలుసు. పులికాట్‌లో పట్టపు వాళ్ళు తరతరాలుగా పాడు పద్ధతి పెట్టుకున్నారు. ఏరోజు ఏ పడవ ఎక్కడ వల వెయ్యాలో వంతులు వేసుకుంటారు. ఎవరి వంతు వాళ్ళదే. అంటే వేటకి హద్దు ఉండాలన్నది ప్రభుత్వం కనిపెట్టిన మాట కాదు. ఊరి కట్టుబాటే ముందు. యానాది అక్కచెల్లెళ్ళు మోకాటి లోతు నీళ్ళల్లో చేత్తో తడిమి రొయ్యలు పడతారు. ఆ చేతికి తగిలేది పెద్ద రొయ్యే. పిల్ల జారిపోతుంది. అంతకన్నా మంచి వల ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఇది ఏ మీటింగులోనూ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఒకరోజు సరస్సు గట్టున ఒకామె గంపలో చిన్న చిన్న పీతలు కనపడ్డాయి. అరచేతిలో నాలుగు పట్టే సైజు. నాకు కోపం వచ్చింది. నలుగురిలో కేకలేసి, గంపంతా నీళ్ళల్లో కుమ్మరింపించాను. ఆమె ఎదురు మాట్లాడలేదు. ఖాళీ గంప పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నేను పెద్ద పని చేసినట్టు జీపెక్కి వచ్చేశాను. ఆరోజు అలా చెయ్యడానికి నాకు ఏ అధికారం ఉందో కూడా కాగితం తీసి చూసుకోలేదు.

వారం తర్వాత తెలిసింది. ఆ పీతలు ఆమె పట్టినవి కాదు. సంఘంలో తీసుకున్న అప్పుతో పడవ దగ్గర కొన్నది. అమ్మితేనే కంతు కట్టాలి. నేను కుమ్మరించేసరికి పది రూపాయల వడ్డీకి బయట తెచ్చి కంతు కట్టింది. పట్టినవాడు నష్టపోలేదు. అంత చిన్న పీతలు కావాలని అడిగిన ఏజెంటు నష్టపోలేదు. తినేవాళ్ళకి అసలు తెలియనే తెలియదు. చేపల మేలు కోసం నేను చేసిన పని ఖరీదంతా ఒక్క ఆడమనిషి కట్టింది.

చిన్న పీతని వదిలెయ్యాలి అన్న మాటలో తప్పు లేదు. ఇప్పటికీ అదే చెబుతాను. కానీ ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందో చూడకుండా చెప్పడం తప్పు. నేను పోయి ఆమెని క్షమించమని అడిగాను. "మాట అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని కదమ్మా, ఎవురు పడుతుండారో" అనింది. అప్పటి నుంచి ఎక్కడికి పోయినా ముందు అడుగుతాను. తర్వాతే పుస్తకం తీస్తాను.

ఆమెతో, ఆమె సంఘంతో కూర్చున్నాక ఒక దారి దొరికింది. పీత కుబుసం విడిచాక కొన్నాళ్ళు లోపల కండ ఉండదు, నీళ్ళే ఉంటాయి. నీటి పీత అంటాము. దానికి ధర రాదు. అదే నీటి పీతని, చిన్నది కాదు, పెద్ద సైజుదే, మూడు నాలుగు వారాలు బోనులోనో చిన్న మడుగులోనో పెట్టి చౌక చేపలు మేపితే కండ పడుతుంది, పెంకు గట్టిపడుతుంది. ధర చాలా పెరుగుతుంది. ఒకటికొకటి కొరుక్కుంటాయి కాబట్టి విడివిడి గదులుండే పెట్టెలు కావాలి. చిన్నవాటి జోలికి పోకుండానే డబ్బు వస్తుంది. కష్టం లేదని చెప్పను. నీళ్ళు మార్చాలి, చచ్చినవి తీసెయ్యాలి, దొంగల్ని చూసుకోవాలి. కానీ ఇది ఆడవాళ్ళు చెయ్యగలిగిన పని.

పీత సంగతి ఇంకొక్కటి. పొట్ట కింద గుడ్ల గుత్తి ఉన్న పీత వలకి పడితే దయచేసి వదలమనండి. ఆ గుత్తి మొదట పసుపు, నారింజ రంగులో ఉంటుంది. గుడ్డు ముదిరేకొద్దీ నల్లబడుతుంది. నల్లగా ఉందంటే ఇంక ఒకటి రెండు రోజుల్లో పిల్లలు వదులుతుందని లెక్క. పెద్ద మండపీత గుత్తిలో గుడ్లు పది లక్షలు దాటుతాయి. ఒక్క పీత ధర కోసం అన్ని గుడ్లు తట్టలో వేసుకుంటున్నాము. అన్నీ బతకవు, నిజమే. వెయ్యికి ఒకటి కూడా పెద్దది కాదు. అందుకే అన్ని పెడుతుంది.

ఇక వేట నిషేధం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. 2015కి ముందు 47 రోజులే ఉండేది. చాలా చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం అది. మరబోట్లు, మోటారు బోట్లు ఆగాలి. మోటారు లేని నాటు పడవలకి మినహాయింపు ఉంది. దీంతోపాటు మన రాష్ట్రంలో 1994 నుంచి సముద్ర వేట చట్టం ఉంది. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు రాకూడదు, అది చిన్న పడవల హద్దు. బయటి నుంచి పెద్ద బోట్లు ఆ హద్దులోకి వచ్చి వలలు తెంపుకుపోతున్నాయని మీ ఊళ్ళల్లో గొడవలు జరుగుతున్న సంగతి నాకు తెలుసు. చూసినప్పుడు బోటు నంబరు, రంగు, టైము, ఫోటో తీసి పంపించండి. "ఎవరో వచ్చారు" అంటే కాగితం కదలదు. నంబరు ఉంటే కదులుతుంది.

నిషేధం రోజుల్లో ఇచ్చే భృతి ఒకప్పుడు 4 వేలు, తర్వాత 10 వేలు, 2025లో 20 వేలు అయింది. మంచిదే. కానీ అది పడవ మీద పోయేవాళ్ళ పేరున వస్తుంది. ఉప్పుచేప ఎండబెట్టే ఆమెకి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగే ఆమెకి ఆ 61 రోజులు చేప లేదు, పని లేదు, జాబితాలో పేరూ లేదు. సముద్రానికి సెలవిచ్చినప్పుడు ఆమెకీ పస్తే కదా. దీన్ని మార్చే అధికారం నాకు లేదు. కానీ ఈ మాట అడగాల్సింది మీరే అని చెప్పగలను. చేపలు అమ్మేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీ గ్రామ సంఘాల దగ్గర పేరుపేరునా లెక్క ఉంది. ఏ ఆఫీసులోనూ అంత మంచి లెక్క లేదు. దాన్ని తీర్మానంతో కలిపి పై అధికారులకి పంపండి. సారా అంగడి మూయించిన జిల్లా ఆడవాళ్ళకి అర్జీ ఎట్ట పెట్టాలో నేను నేర్పాలా?

అర్జీకి జవాబు వచ్చేదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఆ రెండు నెలలు కంతులు వాయిదా వేసి, జనవరి నుంచి మార్చి వరకు చేపలు బాగా పడే రోజుల్లో కొంచెం ఎక్కువ కట్టించుకునే పద్ధతి. అసలు పోదు, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే పనీ ఉండదు.

రొయ్యల చెరువుల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. 1994, 95లో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య చెరువులు రాత్రికి రాత్రి ఎట్ట ఖాళీ అయ్యాయో, ఎంతమంది పుస్తెలు తాకట్టులోకి పోయాయో పెద్దవాళ్ళకి గుర్తుంది. ఆ రోజుల్లో మన కోస్తాలో ఆడవాళ్ళు, పిల్లలు అలల్లో దోమతెర లాంటి వలలతో రొయ్యపిల్లని పట్టి హేచరీలకి, చెరువులకి అమ్మేవాళ్ళు. ఒక్క టైగర్ పిల్లని ఏరుకుని, దాంతో వచ్చిన ఎన్నో రకాల చేపపిల్లల్ని ఇసుకలో పారబోసేవాళ్ళు. ఎవరి తప్పు అని నేను అనను. పొట్టకూటికి చేశారు. కానీ ఇప్పుడు జానెడు చేపకి ఆ ఇసుకలో ఎండిపోయిన పిల్లలూ ఒక కారణమే. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు, తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వా చట్టం వచ్చాయి. 2009లో వనామీకి అనుమతి ఇచ్చారు. వనామీ మన రొయ్య కాదు, పసిఫిక్ తీరంది. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి, చెన్నైలో రోగాలు చూసి గానీ హేచరీలకి ఇవ్వరు.

చెరువు ఉన్నవాళ్ళకి, చెరువుల్లో కూలికి పొయ్యేవాళ్ళకి మూడు మాటలు. చెరువు నీళ్ళు ఊరకే కాలవలోకి వదలొద్దు. నీ చెరువు రోగం పక్క చెరువుకి, అక్కడి నుంచి సరస్సుకి పోతుంది. నిషేధించిన యాంటీబయాటిక్ మందులు వాడొద్దు. ఒక్క కంటైనరులో అవి దొరికితే మొత్తం తీరం రొయ్య ధర పడిపోతుంది. మూడోది, రొయ్యలు తెల్లవారుజామున పైకి తేలుతున్నాయంటే నీళ్ళల్లో గాలి తగ్గిందని. రాత్రంతా నాచు కూడా గాలి పీలుస్తుంది కాబట్టి పొద్దు పొడిచే ముందే తక్కువ ఉంటుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చిక్కే. ముందు ఏరేటర్ తిప్పండి, మేత ఆపండి. మందుల షాపుకి పరిగెత్తడం తర్వాత.

అట్టాగే, కోడి వ్యర్థాలు వేసి ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంచే చెరువులు ఎక్కడన్నా కనపడితే చెప్పండి. ఆ చేప మన దేశంలో నిషేధం. వానలకి గట్టు తెగి ఒక్కసారి కాలవలో పడిందంటే మన కొర్రమీను పిల్లలతో సహా అన్నిటినీ తింటుంది. నెల్లూరు చేపల పులుసు పేరు నిలబడాలంటే కొర్రమీను నిలబడాలి కదా.

ఎండుచేప చేసే అక్కలకి ఒక మాట. ఇసుకలో ఆరబెట్టిన చేపకీ, తడికెల మీదో వలబల్లల మీదో ఆరబెట్టిన చేపకీ ధరలో తేడా మీరే చూస్తున్నారు. చేప తక్కువ పడే రోజుల్లో ఎక్కువ పట్టడం కన్నా ఉన్నదాన్ని బాగా చెయ్యడంలోనే లాభం. పురుగు పడుతుందని మందు మాత్రం చల్లొద్దు. ఉప్పు సరిగ్గా పట్టి, బాగా ఎండితే పురుగు రాదు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి 60 శాతం సబ్సిడీ ఉంది, మిగతావాళ్ళకి 40 శాతం. మీ పేరు మీద పెట్టుకోండి. మగవాళ్ళు మీ పేరు వాడుకుని పెట్టుకోవడం కాదు, యూనిట్ మీ చేతిలో ఉండాలి.

ఇక మధ్యాహ్నం తీర్మానం.

సన్న కన్ను వల కొన్నవాళ్ళకి మొదటి ఏడు కంతులు బాగానే వస్తాయి. అది నేను కాదనను. పిల్ల చేపల్ని గంపలకొద్దీ పడతారు, కోళ్ళ మేతకో చేపల పొడికో కిలోల్లెక్కన అమ్ముతారు. కానీ ఒక లెక్క వెయ్యండి. ఆ గంపలో ఉన్నది వంజరం పిల్ల, చందువ పిల్ల. ఆరునెలలు, సంవత్సరం ఆగితే ఒక్కొక్కటి ఏ ధరకి పోయేదో మీకు నాకన్నా బాగా తెలుసు. దాన్ని గంప లెక్కన ఇచ్చేస్తున్నాము. పెద్ద వలల సంచి కొసన కన్ను కనీసం 40 మిల్లీమీటర్లు, అదీ నలుచదరంగా ఉండాలని శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. నలుచదరపు కన్ను లాగినా మూసుకోదు, పిల్ల తప్పించుకుంటుంది.

సమాఖ్య ఆ వలకి అప్పిస్తే, మిగతా సంఘాల వాళ్ళు కష్టపడి దాచిన డబ్బే వాళ్ళ తట్టల్ని ఖాళీ చేస్తుంది. ఒక సభ్యురాలి కంతు కోసం వంద మంది సభ్యురాళ్ళ అసలు పోతుంది. అట్టని ఆ రెండు సంఘాల్ని దోషుల్లాగా చూడకండి. వాళ్ళు ఎందుకు అడిగారు? పెద్ద కన్ను వలకి చేప పడట్లేదు కాబట్టి. ఇంట్లో పొయ్యి వెలగాలి కాబట్టి. వద్దని చెప్పడం తేలిక. వద్దన్నాక వాళ్ళకి ఏం చూపిస్తారు అన్నదే అసలు ప్రశ్న. నేను ఆ గంప కుమ్మరించినట్టు మీరు చెయ్యొద్దు. నష్టాన్ని అందరూ పంచుకునేటట్టు చూడండి. అప్పుడు అది కట్టుబాటు అవుతుంది. లేకుంటే పెత్తనం అవుతుంది.

ఆ అవ్వ ఇప్పుడు లేదు. ఆమె చూపించిన కొలత నా డైరీ మొదటి పేజీలో గీత గీసి పెట్టుకున్నాను. ఏటా జనవరిలో రేవుకి పోయినప్పుడు ఆ గీత పక్కన అదే చేపని పెట్టి చూస్తాను. ఇంకా అందలేదు. మీ పిల్లలు రేవులో కూర్చునేనాటికైనా అది అందాలని నా కోరిక. అది నా ఒక్కదాని చేతిలో లేదు, నా ఆఫీసు చేతిలోనూ లేదు. మీ పొదుపు పుస్తకాల్లో ఎంత ఉందో, దాన్ని దేనికి ఖర్చు పెడతారో దానిమీద చాలావరకు ఉంది.

 వెనకాల అక్కలు ఎవరో చెయ్యి ఎత్తుతున్నారు. అడగండి, తెలిసినంత చెబుతాను. సెలవు.

(ప్రసంగం తర్వాత సభ్యులు అడిగిన ప్రశ్నలకు అధికారిణి జవాబులు చెప్పారు. మధ్యాహ్నం జరిగిన చర్చలో, సన్న కన్ను వలలకు సమాఖ్య నిధి నుంచి కొత్త అప్పులు ఇవ్వకూడదని, అడిగిన రెండు గ్రామ సంఘాలకు ఎండుచేపల బల్లలకు, పీతల పెట్టెలకు ముందు వరుసలో అప్పు ఇవ్వాలని, వేట నిషేధం రెండు నెలల్లో మత్స్యకార సభ్యుల కంతులు వాయిదా వేయాలని తీర్మానించడమైనది. చేపలు అమ్మే, ఎండబెట్టే సభ్యుల జాబితా తయారుచేసే బాధ్యతను గ్రామ సంఘాల పుస్తక నిర్వాహకులకు అప్పగించడమైనది.)